మాత్రకూ మనిషికీ మధ్య దూరం

గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవాళ్ళలో పేదవాళ్ళే ఎక్కువగా ఎందుకు చనిపోతారు? ఈ ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. వాళ్ళు ఆలస్యంగా వస్తారు, బీడీలు కాలుస్తారు, అప్పటికే ఒళ్ళు గుల్లయి ఉంటుంది అంటారు. ఈ జవాబులో నిజమెంతో తేల్చడానికి పనికొచ్చే అధ్యయనం మన దేశంలోనే జరిగింది. క్రియేట్ పేరుతో 50 నగరాల్లోని 89 ఆసుపత్రుల్లో, గుండెపోటుతోగానీ దాని అంచుకు చేరిగానీ వచ్చిన 20,468 మంది వివరాలను నమోదు చేశారు. ఫలితాలు 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఆర్థిక స్థితిని బట్టి రోగులను నాలుగు వర్గాలుగా విడదీసి చూస్తే, 30 రోజుల్లో చనిపోయినవాళ్ళు సంపన్నుల్లో నూటికి 5.5 మంది, పేదల్లో 8.2 మంది. ఆసుపత్రి గడప దాటాక అందిన వైద్యంలో తేడా అంతకంటే పెద్దది. రక్తపు గడ్డను కరిగించే మందు సంపన్నుల్లో నూటికి 60.6 మందికి అందితే పేదల్లో 52.3 మందికే అందింది. కొలెస్టరాల్ తగ్గించే మాత్రలు 61.2 మందికీ 36 మందికీ. యాంజియోప్లాస్టీ 15.3 మందికీ ఇద్దరికీ.

పరిశోధకులు ఇక్కడితో ఆగలేదు. రోగుల్లో ముందు నుంచీ ఉన్న ముప్పు కారణాలను, చేరేనాటి స్థితిని లెక్కలో సమానం చేసి చూశారు. మరణాల్లో తేడా పోలేదు. తర్వాత, అందిన చికిత్సను సమానం చేసి చూశారు. తేడా మాయమైంది. ఇది ప్రయోగం కాదు, నమోదుల ఆధారంగా వేసిన లెక్క అన్న సంగతి మరిచిపోకూడదు. డబ్బు లేక చికిత్స ఆగిన రోగినీ, ఇక బతకడని వైద్యుడు చికిత్స ఆపిన రోగినీ ఇలాంటి లెక్క పూర్తిగా వేరు చేయలేదు. అయినా అది చూపించే దిక్కు స్పష్టంగా ఉంది. పేదవాడి గుండె వేరుగా జబ్బు పడటం లేదు, ఆ గుండెకు అందే వైద్యం వేరుగా ఉంది. వైద్యంలో నాణ్యత, వైద్యంలో అసమానత అని మనం రెండు సమస్యలుగా మాట్లాడుకుంటున్నది నిజానికి ఒకే సమస్య అని, రెండింటికీ కొలత కూడా ఒకటే కావాలని ఈ అధ్యాయంలో నా వాదన.

మంచి వైద్యం అంటే ఏమిటి

మంచి వైద్యం అనగానే మన కళ్ళ ముందు పెద్ద భవనం, ఖరీదైన యంత్రం, పేరున్న డాక్టరు కనిపిస్తారు. షుగర్, బీపీల విషయంలో మాత్రం మంచి వైద్యమంటే చిన్న చిన్న పనులను ఏళ్ళ తరబడి తప్పకుండా చేయడమే. మూడు నెలల చక్కెర సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష, ప్రతిసారీ బీపీ, ఏడాదికోసారి కొలెస్టరాల్, మూత్రంలో ప్రొటీన్, కంటి పాప పెద్దదయ్యేలా చుక్కలు వేసి లోపలి రెటీనా చూడటం, చెప్పులు విప్పించి పాదాలు చూడటం. వీటిలో పాదాల పరీక్షనే తీసుకుందాం. దానికి కావలసింది చిన్న పిడికి బిగించిన ఒక నైలాన్ పోగు. సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా దాన్ని తయారు చేస్తారు. రోగి కళ్ళు మూసుకుని పడుకుంటే, బొటనవేలి కింద, మునిపాదం కింద ఆ పోగును ఆనించి, అది వంగేదాకా నొక్కుతారు. తగిలినప్పుడల్లా రోగి చెప్పాలి. చెప్పలేకపోయాడంటే అక్కడ స్పర్శ పోయింది. స్పర్శ పోయిన కాలికి ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. పుండు ముదిరి ఎముకదాకా పోయాక గానీ నొప్పి మొదలవదు, ఒక్కోసారి అప్పుడూ నొప్పి ఉండదు. ఈ పరీక్షకు కరెంటు అక్కర్లేదు, రక్తం అక్కర్లేదు, నిమిషాలు చాలు. కాలు తీసేసే ఆపరేషన్‌కు ఎన్నో ఏళ్ళ ముందే ఇది హెచ్చరిస్తుంది. పొలంలో ఉత్త కాళ్ళతో నడిచేవాళ్ళకు దీని అవసరం అందరికన్నా ఎక్కువ.

ఇలాంటి చిన్న పనులన్నీ కలిస్తే ఎంత బలమో డెన్మార్క్‌లో జరిగిన స్టెనో-2 ప్రయోగం చూపించింది. అందులో ఉన్నది 160 మందే. అందరికీ టైప్ 2 షుగర్, అందరికీ మూత్రంలో కొద్దిగా ప్రొటీన్ పోతోంది. సగం మందికి అప్పటికి మామూలుగా ఇచ్చే వైద్యం కొనసాగించారు. మిగతా సగానికి చక్కెర, బీపీ, కొలెస్టరాల్ మూడింటికీ గురి పెట్టుకుని, క్రమం తప్పకుండా చూసి, తిండి, నడక, పొగాకు విషయాల్లో వెన్నంటి ఉన్నారు. దాదాపు 8 ఏళ్ళ తర్వాత చూస్తే గుండె, రక్తనాళాల ముప్పు సగానికి సగం తగ్గింది. 21 ఏళ్ళ తర్వాత లెక్క చూస్తే, శ్రద్ధగా చూసిన గుంపులో సగటు మనిషి రెండో గుంపు కన్నా 7.9 ఏళ్ళు ఎక్కువ బతికాడు. అద్భుతమైన కొత్త మందేదీ కనిపెట్టకుండానే, ఉన్న మందులను సరిగ్గా, ఆగకుండా అందించినందుకు దక్కిన ఫలితం ఇది.

ఇప్పుడు మన దేశం సంగతి చూద్దాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే రక్త పరీక్షల ఆధారంగా వేసిన ఒక లెక్క ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ మధ్య షుగర్ ఉన్నవాళ్ళలో ఆ సంగతి తెలిసినవాళ్ళు నూటికి 52.5 మంది. మందు వాడుతున్నవాళ్ళు 40.5. షుగర్ అదుపులో ఉన్నవాళ్ళు 24.8. కుండలో పోసిన నీళ్ళు మూడు చిల్లుల్లోంచి కారిపోతున్నాయి. తెలిసీ వైద్యం తీసుకుంటున్నవాళ్ళ పరిస్థితి ఏమిటంటే, 2022లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనంలో చక్కెర అదుపులో ఉన్నవాళ్ళు నూటికి 36.3, బీపీ అదుపులో ఉన్నవాళ్ళు 48.8, చెడు కొలెస్టరాల్ అదుపులో ఉన్నవాళ్ళు 41.5. స్టెనోలో గురి పెట్టుకున్నట్టు మూడూ ఒకేసారి అదుపులో ఉన్నవాళ్ళు 7.7 మంది మాత్రమే. దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారని అదే అధ్యయనం 2023లో తేల్చింది. రోగి ఆసుపత్రికి చేరితే చాలు అన్న నమ్మకాన్ని ఈ అంకెలు నిలవనివ్వవు. 2018లో 137 పేద, మధ్య ఆదాయ దేశాల మీద వేసిన అంచనాలో, సరైన వైద్యంతో ఆపగలిగిన మరణాలు ఏడాదికి 86 లక్షలు. వాటిలో వైద్యం దగ్గరికే చేరనివాళ్ళవి 36 లక్షలైతే, చేరినా నాసిరకం వైద్యం దొరికినవాళ్ళవి 50 లక్షలు.

తప్పు రోగిదే అంటే

ఈ మాట ఇలా చెప్పగానే వచ్చే మొదటి అభ్యంతరం, జీవనశైలి. తిండి మార్చుకోరు, నడవరు, మందు మానేస్తారు, డాక్టరు మాత్రం ఏం చేయగలడు అని. తిండి, పొగాకు, కదలిక గుండె జబ్బుకు కారణాలే, అందులో సందేహం లేదు. కానీ ఒకరు చనిపోయి ఇంకొకరు బతకడంలోని తేడాకు అవే కారణమా అన్నది వేరే ప్రశ్న. ప్యూర్ అనే అధ్యయనం 17 దేశాల్లో 1,56,424 మందిని సగటున నాలుగేళ్ళకు పైగా గమనించి 2014లో ఫలితాలు ప్రకటించింది. అందులో మన దేశం పేద దేశాల జాబితాలో ఉంది. పొగాకు, బీపీ, షుగర్, తిండి లాంటివన్నీ కలిపి వేసిన ముప్పు స్కోరు ధనిక దేశాల్లో 12.89, పేద దేశాల్లో 8.28. అంటే ముప్పు ధనిక దేశాలవాళ్ళకే ఎక్కువ. అయినా గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యం, గుండె జబ్బు మరణాలు కలిపి ఏడాదికి వెయ్యి మందిలో ధనిక దేశాల్లో 3.99, పేద దేశాల్లో 6.43. అలాంటి దెబ్బ తగిలాక ప్రాణం పోయినవాళ్ళు ధనిక దేశాల్లో నూటికి 6.5, పేద దేశాల్లో 17.3. అదే పరిశోధక బృందం 2019లో చదువు ప్రకారం విడదీసి చూసింది. పేద దేశాల్లో తక్కువ చదువుకున్నవాళ్ళకు, ఎక్కువ చదువుకున్నవాళ్ళతో పోలిస్తే, ఇలాంటి దెబ్బ రెండింతలకు పైగా ఎక్కువ. వాళ్ళ అలవాట్ల ముప్పు మాత్రం మొత్తం మీద తక్కువే. వెనకబడింది వాళ్ళకు అందిన వైద్యం. నిందను రోగి మీద మోపడం తేలిక, కానీ అంకెలు అందుకు ఒప్పుకోవు.

మందు మానేస్తారు అన్న మాటను విడిగా చూడాలి. ఒకసారి గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్ళు రక్తం పలచబరిచే మందు, బీపీ మందులు, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ వాడితే రెండోసారి రాకుండా చాలావరకు ఆపవచ్చు. వీటిలో ఒక్కటంటే ఒక్కటి కూడా వాడనివాళ్ళు ధనిక దేశాల్లో నూటికి 11.2 మంది, పేద దేశాల్లో 80.2 మంది అని ప్యూర్ బృందం 2011లో చూపించింది. ఇంత తేడా మనుషుల మొండితనంలో ఉండదు. మన పల్లెల లెక్కే వేసి చూడండి. మాత్రలు 10 రోజులకే ఇస్తే ఏడాదికి 36 సార్లు ఆసుపత్రికి రావాలి, 30 రోజులకిస్తే 12 సార్లు చాలు. రోజు కూలీ మీద బతికేవాళ్ళకు ఆ 24 రాకపోకలంటే 24 రోజుల కూలి. వచ్చిన రోజు డాక్టరు లేకపోయినా, మాత్రలు అయిపోయినా మరో రోజు. బీపీ నొప్పి పుట్టించదు, షుగర్ మొదట్లో ఏమీ తెలియనివ్వదు. కనిపించని జబ్బుకోసం కనిపించే కూలిని వదులుకోమంటున్నాం. మందు మానేయడాన్ని రోగి తప్పుగా రాసే ముందు, ఆ మందు అందుకోవడానికి అతను ఎంత చెల్లిస్తున్నాడో రాయాలి.

షుగర్, బీపీ డబ్బున్నవాళ్ళ జబ్బులన్న నమ్మకం కూడా చాలాకాలం అడ్డుపడింది. ఉభయ గోదావరి జిల్లాల్లో జరిగిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య పరిశోధన, 45 గ్రామాల్లో 1354 మరణాలకు కారణాలు వెతికింది. వాటిలో గుండె, రక్తనాళాల జబ్బుల వాటా నూటికి 32. అంటువ్యాధుల వాటా దానిలో సగం కూడా లేదు. ఈ ఫలితాలు వచ్చింది 2006లో. గుండె జబ్బు అప్పటికే పల్లెకు చేరింది. వైద్యం మాత్రం పట్నంలోనే ఆగిపోయింది. ఛాతీలో మంటను గ్యాస్ అనుకుని, సోడా తాగి, ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకుని, తగ్గకపోతే పెద్దాసుపత్రికి బయల్దేరడం మన దగ్గర మామూలే. గడ్డ కరిగించే మందుకు మొదటి గంటల్లోనే బలం ఎక్కువ. క్రియేట్ నమోదులో నొప్పి మొదలైన దగ్గరి నుంచి ఆసుపత్రి చేరేసరికి సగం మందికి 360 నిమిషాలు, అంటే ఆరు గంటలు దాటిపోయాయి.

కనిపెట్టడం వేరు, చూసుకోవడం వేరు

రెండో అభ్యంతరం ఆచరణలోంచి వస్తుంది. ఊరూరా పరీక్షలు చేసి, జబ్బున్నవాళ్ళను కనిపెడితే సరిపోతుంది కదా అని. గోదావరి జిల్లాల అనుభవమే దీనికి జవాబు చెబుతుంది, ఆ జవాబు చేదుగానే ఉంటుంది. అక్కడే జరిగిన ఒక ప్రయోగంలో డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, గుండె జబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్ళను గుర్తించమన్నారు. గుర్తించడం మెరుగుపడింది, మందుల వాడకం పెరగలేదు. తర్వాత పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చారు. ముప్పు ఎంతో ట్యాబ్ లెక్కకట్టి చెప్పేది, పీహెచ్‌సీ డాక్టరుకు చికిత్స సూచనలు చూపించేది. 2019లో ఫలితాలు వస్తే, బీపీ అదుపులోకి రావడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆశా కార్యకర్తల శ్రమను ఇది తక్కువ చేయదు. నీకు ముప్పుంది అని చెప్పిన మనిషి చేతిలో మందు లేకపోతే ఆ మాట భయంగా మాత్రమే మిగులుతుందని చెబుతోంది.

దీని పక్కన పెట్టి చూడాల్సింది హోప్-4 ప్రయోగం. కొలంబియా, మలేసియాల్లోని 30 బస్తీల్లో, ఊళ్ళలో 1371 మందితో చేసిన ఈ ప్రయోగంలోనూ ఆరోగ్య కార్యకర్తలే ఇంటింటికీ వెళ్ళారు, వాళ్ళ చేతిలోనూ ట్యాబ్‌లే ఉన్నాయి. కానీ డాక్టర్ల పర్యవేక్షణలో బీపీ మందులు, స్టాటిన్లు ఉచితంగా వాళ్ళే అందించారు. రోగి తనకు నచ్చిన బంధువునో స్నేహితుడినో తోడుగా ఎంచుకున్నాడు. ఏడాది తిరిగేసరికి బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళు మామూలు వైద్యంలో నూటికి 30 మందైతే ఈ గుంపులో 69 మంది. లాస్ ఏంజెలిస్‌లో నల్లజాతి మగవాళ్ళ బీపీ మీద జరిగిన ప్రయోగం కూడా ఇదే పాఠం చెబుతుంది. 52 మంగలి షాపుల్లో 319 మందిని తీసుకున్నారు. కొన్ని షాపుల్లో మంగలి సలహా ఇచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పాడు. మిగతా షాపులకు ఫార్మసిస్టే వచ్చి, అక్కడే బీపీ చూసి, డాక్టర్లతో ఉన్న ఒప్పందం ప్రకారం మందు రాసి, నెలనెలా సరిచూశాడు. 6 నెలల్లో మొదటి గుంపులో పై బీపీ 9.3 పాయింట్లు తగ్గితే, రెండో గుంపులో 27 పాయింట్లు తగ్గింది. మంగలి మాటను మనిషి వింటాడు, అది నిజమే. కానీ ఆ మాటకు మందు తోడైనప్పుడే రక్తనాళంలో ఒత్తిడి తగ్గింది.

మూడో అభ్యంతరం డబ్బు. ధనిక దేశాలు చేయగలవు, మనవల్ల కాదని. మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్, స్టాటిన్, ఆస్పిరిన్ అన్నీ పేటెంట్ కాలం తీరిపోయిన పాత మందులే. ఇరాన్‌లోని గోలెస్తాన్ పల్లెల్లో బీపీ, కొలెస్టరాల్ మందులను, ఆస్పిరిన్‌ను ఒకే మాత్రలో కలిపి 5 ఏళ్ళు ఇచ్చారు. పెద్ద గుండె, రక్తనాళాల దెబ్బలు, మాత్ర లేనివాళ్ళలో నూటికి 8.8 ఉంటే, మాత్ర వాడినవాళ్ళలో 5.9. ఇలాంటి కలగలుపు మాత్రలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన దగ్గర డబ్బు అసలు ఖర్చు కావడం లేదని కూడా కాదు. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేదవాడికి గుండె ఆపరేషన్ అందని పండు కాదని నిరూపించింది. అది చిన్న విషయం కాదు, ఆ గౌరవం దానికి దక్కాలి. కానీ స్టెంట్ వేసిన గుండెకు కూడా ప్రతిరోజూ మాత్ర కావాలి. ఆపరేషన్‌కు చెల్లించే వ్యవస్థ, ఆ మాత్ర రోజూ అందుతోందా అని కూడా అడిగితేనే మొదటి ఖర్చు నిలబడుతుంది.

రానివాళ్ళను లెక్కపెట్టడం

చివరి అభ్యంతరం అన్నిటికన్నా సూక్ష్మమైనది. నాణ్యత పెంచే ఏ పథకమైనా ముందు చదువుకున్నవాళ్ళకే అందుతుంది, కాబట్టి సగటు పెరిగినా అంతరం ఇంకా పెరుగుతుందని. ఈ భయం న్యాయమైనదే. వేల్స్ గని గ్రామంలో పనిచేసిన డాక్టరు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే దీన్ని సూత్రంగా చెప్పాడు. వైద్యం అవసరం ఎక్కడ ఎక్కువో, మంచి వైద్యం అక్కడే తక్కువగా దొరుకుతుందని. అయితే అదే హార్ట్ దానికి విరుగుడు కూడా చేసి చూపించాడు. తలుపు తట్టినవాళ్ళతో ఆగకుండా, తన జాబితాలో ఉన్న పెద్దలందరి బీపీ చూశాడు, రానివాళ్ళను వెతికి పట్టుకున్నాడు. ఇంగ్లండ్‌లో 2004 నుంచి కుటుంబ వైద్యులకు షుగర్, బీపీ, గుండె జబ్బుల వైద్యంలో కొలతలు పెట్టి, వాటిని బట్టి డబ్బు ఇచ్చారు. మొదటి ఏడాది సంపన్న ప్రాంతాలకూ పేద ప్రాంతాలకూ మధ్య సాధించిన ఫలితంలో 4 శాతం తేడా ఉంటే, మూడో ఏటికి అది 0.8కి దిగింది. కొలతలో లేని పనులు వెనకబడ్డాయన్నది కూడా అక్కడే తేలింది. కాబట్టి కొలత ఉంటే చాలదు, దేన్ని కొలుస్తున్నామన్నది ముఖ్యం.

ఇక్కడే నాణ్యతా అసమానతా ఒక్కటవుతాయి. ఆసుపత్రి తన దగ్గరికి వస్తున్న రోగుల సగటు బీపీ చూసుకుని బాగుందనుకుంటే, రావడం మానేసినవాళ్ళు ఆ లెక్కలో ఉండరు. మానేసేది ఎక్కువగా ఎవరు? కూలి పోతుందని భయపడేవాళ్ళు, దూరపు తండాలవాళ్ళు, తోడు లేని ముసలివాళ్ళు. ఎంత మంది తప్పిపోతే అంత అందంగా కనిపించే సగటు అది. 2017లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమం ఈ తప్పును సరిదిద్దే పద్ధతి తెచ్చింది. మొదట చేరిన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ప్రతి రోగికీ ఒక కార్డు, ఏ మెట్టులో ఏ మందు ఇవ్వాలో అందరికీ ఒకే వరస, మూడు నెలలకోసారి లెక్క. ఆ లెక్కకు ఆధారం ఆ రోజు వచ్చినవాళ్ళ సంఖ్య కాదు, పేరు నమోదైనవాళ్ళందరి సంఖ్య. అదుపులో ఉన్నవాళ్ళు ఎందరు, లేనివాళ్ళు ఎందరు, రానేరానివాళ్ళు ఎందరు అని మూడు గళ్ళు. మూడో గడి పెరిగితే ఆ ఆరోగ్య కేంద్రం విఫలమైనట్టే. మన దేశంలోనూ పాకిస్తాన్‌లోనూ 10 షుగర్ క్లినిక్‌లలో జరిగిన ప్రయోగంలో కూడా, రోగులను వెన్నంటి చూసే ఒక సమన్వయకర్తనూ, డాక్టరుకు సూచనలిచ్చే కంప్యూటరునూ పెట్టేసరికి అనుకున్న లక్ష్యాలు చేరినవాళ్ళు నూటికి 18.2 మంది అయ్యారు, మామూలు వైద్యంలో 8.1 మందే. ఇంకా 82 మంది మిగిలారన్నది నిజం. అయినా దారి ఎటుందో తెలిసింది.

ఇది పెద్ద పెద్ద కలలు కోరే పని కాదు. ప్రతి పీహెచ్‌సీ గోడ మీద ఆ మూడు గళ్ళను ఊరివారీగా, తండావారీగా, ఆడా మగా వేరుగా రాసి పెట్టవచ్చు. మాత్రలు 30 రోజులకు తక్కువ కాకుండా ఇవ్వవచ్చు. ఆశా కార్యకర్త సంచిలో బీపీ మిషన్‌తోపాటు డాక్టరు రాసిన మాత్రలూ, ఆ నైలాన్ పోగూ ఉండవచ్చు. షుగర్, బీపీ ఉన్న మనిషికి ఎన్నో ఏళ్ళపాటు అవసరమయ్యే వైద్యంలో ఎక్కువ భాగం ఇంతే. ఈ నెల రాని మనిషి పేరు రిజిస్టరులో ఉంది, ఊరు ఉంది, ఇల్లు ఉంది. ఆ ఇంటికి ఈ వారం ఎవరు వెళుతున్నారో చెప్పగలిగిన కేంద్రం మంచి వైద్యం చేస్తున్నట్టు. ఆ జవాబు లేని ఆసుపత్రి, ఎంత పెద్ద భవనంలో ఉన్నా, తన రోగుల్లో సగం మందిని చూడనట్టే.